వెనకేసిన తొమ్మిది

ఆ రోజు ఇంట్లో ఐదుగురం ఉన్నాం. మేడ మీది గదిలో డ్రమ్ముల ముందు బావ. ఎదురుగా, బాస్ గిటారు ఒళ్లో పెట్టుకుని, బావ స్నేహితుడు, అందరూ ఉరుము అని పిలిచే అన్న. కింద ముందు గదిలో కుట్టుమిషను మీద బావ వాళ్లమ్మ, అంటే అత్తయ్యగారు. వంటగదిలో మెడకి తడిగుడ్డ చుట్టుకుని అక్క. గుమ్మంలో, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక, సంచి చంకన పెట్టుకుని నేను.

పైనుంచి ఇల్లంతా అదురుతోంది. రేకుల మీద ఆపకుండా రాళ్లు కుమ్మరిస్తూ, ఆ రేకుల కింద ఎవరో లారీ నడుపుతున్నట్టుంది.

"వచ్చావా," అంది అక్క. గొంతు బొంగురుపోయింది. "సంచి ఆ మూల పెట్టు. మేడ మీద ఎర్ర దీపం వెలిగితే మాట్లాడకూడదు, గిన్నె కదపకూడదు, కుళాయి తిప్పకూడదు. మిగతా అంతా నీ ఇల్లే అనుకో."

"అది వెలగనిదెప్పుడమ్మా?" అన్నారు అత్తయ్యగారు ముందు గదిలోంచి. "నా మిషను ఆపించి పైన మీ మిషను నడుపుకుంటున్నారు. నలభై జతల యూనిఫారాలు కుట్టాలి నేను. పిల్లలు చొక్కాల్లేకుండా మీ పాట కప్పుకుని బడికెళ్తారా?"

"వేసవి సెలవులు అత్తయ్యా. బడే లేదు."

"అవును, నీకు తెలియనిదేముంది!"

పరీక్షలు రాసి వచ్చాను నేను. నలభై రోజులు తోడుగా పంపమని అక్క ఫోనులో అమ్మని అడిగింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా నేనేం చెప్తానని. మా ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా నా బదులు పక్కమ్మాయి చెయ్యి ఎత్తేది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరే నాకు సంగతంతా తెలిసింది. మా ఊళ్లో ఇంట్లో కోపం వస్తే ఎవరో ఒకరు తినడం మానేస్తారు. ఇక్కడ తినేటప్పుడే పోట్లాడతారు. మిగతా వేళల్లో ముగ్గురి చెవులకీ హెడ్‌ఫోన్లు ఉంటాయి.

ముగ్గురూ కలిసి మూడో ఆల్బం చేస్తున్నారు. డ్రమ్ములు, బాస్. నిమిషానికి నూట డెబ్బై నాలుగు దెబ్బలు. మొదటి రెండు ఆల్బాల్లోనూ ఆ వేగం మీద అక్క నెమ్మదిగా పాడింది. ఈసారి గొంతే అక్కర్లేదని బావ అంటున్నాడు. అక్క గొంతులో రెండు చిన్న కాయలున్నాయి. వేసవి చివర్లో ఆపరేషను. ఆ తర్వాత మళ్లీ పాడగలదో లేదో డాక్టరు చెప్పలేదు. అడిగితే బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడట.

"ఈ ఒక్కదాంట్లో నా గొంతు ఉండాలి," అంది అక్క. "ఆ తర్వాత నీ ఇష్టం."

"ఉండొద్దని ఎవరన్నారు? లయలో ఉండమంటున్నాను. డ్రమ్ము ఒక వీధిలో పోతుంటే నువ్వు ఇంకో వీధిలో తిరుగుతున్నావు."

"రెండు ఆల్బాలు ఆ వీధిలోనే తిరిగాను. అప్పుడు బాగుందన్నావుగా?"

"అప్పుడు కావాలని వెనక ఉండేదానివి. ఇప్పుడు అందుకోలేక వెనకబడుతున్నావు. తేడా నాకు తెలుసు. నీకూ తెలుసు."

ఉరుము అన్న తల ఎత్తలేదు. "నాకు మాత్రం తెలియదు. నాకింకొంచెం కూర తెలుసు, అంతే."

ఎవరూ నవ్వలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నలభై రోజుల్లో ఆల్బం అప్పజెప్పాలి. ఆ లోపు అక్క ఏడు పాటలూ పాడి వినిపించాలి. కుదిరితే ఉంటాయి. లేకపోతే డ్రమ్ము, బాస్, అంతే.

"మరి ఈ మాటలమ్మ ఏం చేస్తుంది?" అన్నాడు ఉరుము అన్న నన్ను చూసి. వచ్చినప్పటి నుంచి నేను నోరు విప్పలేదు.

"టేకులు రాస్తుంది," అంది అక్క. "దీనికి చేతిరాత ఒక్కటే వచ్చు."

బావ పద్ధతి వేరు. కంప్యూటరులో దేనికీ పేరు పెట్టడు. ఒక్కొక్కసారి పాడినదానికీ వాయించినదానికీ ఒక అంకె, అదే టేకు. ఏ అంకె ఏమిటో అట్టకి బిగించిన కాగితం మీద ఉంటుంది. గళ్లు గీసి ఇచ్చాడు. చివరి గడి పేరు 'మాట'. రెండు వేళ్ల వెడల్పు, ఒకే మాట పడుతుంది. 'సరి' అంటే ఉంచాలి. 'ముందు' అంటే డ్రమ్ము కన్నా ముందుకి ఉరికింది. 'వెనక' అంటే వెనకబడింది. 'పగిలింది' అంటే గొంతు పగిలింది. 'కుక్క' అంటే వీధిలో కుక్క మొరిగింది. 'అమ్మ' అంటే కింద అత్తయ్యగారు మిషను తొక్కారు.

శనివారం శనివారం ఆ కాగితం ముందు పెట్టుకుని 'సరి' కానివన్నీ చెరిపేస్తాడు. చెరిపినవి తిరిగి రావు. "చెత్త దాచుకుంటే చెత్తే వాడతాం మరదలా," అని చెప్పాడు మొదటి రోజే.

మొదటి రెండు వారాలూ అక్క వరసల్లో 'సరి' ఒక్కటీ పడలేదు. సాయంత్రాలు బావ ఎదురుగా కూర్చునేవాడు. అక్క నాలుగు మాటలు పాడగానే చెయ్యి ఎత్తేవాడు. "వెనక." మళ్లీ. "వెనక." నేను రాసేదాన్ని. మళ్లీ. "అబ్బా, ఎంతసేపు?" అక్క హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసేది. ఉరుము అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ తీగలు తుడుచుకునేవాడు. ఒకసారి నాకు ఆవలింత వచ్చింది. "నీకు కూడా విసుగొచ్చిందా?" అంది అక్క. అందరూ నన్ను చూశారు. ఆ తర్వాత గదిలో ఆవలింత వస్తే పళ్లు బిగించుకునేదాన్ని. కళ్లలో నీళ్లు వచ్చేవి. "అదిగో ఏడుపు మొహం," అనేది అక్క.

మూడో వారం ఆదివారం పొద్దున్న అక్క నన్ను లేపింది. బావకి ఆదివారం కూడా వాద్యాల దుకాణంలో పని ఉంటుంది. ఉరుము అన్న ఎక్కడో లిఫ్టు బాగుచేయడానికి వెళ్లాడు. వాళ్లు మధ్యాహ్నానికి గానీ రారు.

"పైకి రా. ఆ ఎర్ర మీట నొక్కడం నేర్పుతా."

మేడ గదికి ఆనుకుని చిన్న సామాన్ల కొట్టు ఉంది. గోడలకీ తలుపుకీ స్పాంజి అతికించి, పాడడానికి వాడుతున్నారు. అక్క లోపల నిలబడింది. నేను ఆ గుమ్మంలోనే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. రెండుసార్లు పాడి ఆగిపోయింది.

"డ్రమ్ములు నా చెవుల్లోంచి తీసెయ్యి. బాస్ ఒక్కటే ఉంచు."

"బావ..."

"బావ ఇక్కడున్నాడా? డ్రమ్ము నన్ను తరుముతోందే. తరుముతుంటే ఎవరు పాడతారు? తీసెయ్యి."

తీసేశాను. అక్క కళ్లు మూసుకుని పాడింది. తర్వాత డ్రమ్ములతో కలిపి మళ్లీ పెట్టమంది. ఇద్దరం విన్నాం. దెబ్బలు గుంపుగా పరిగెడుతున్నాయి. వాటి మధ్యలోంచి అక్క గొంతు, ఎవరికీ దారి ఇవ్వకుండా, ఎవరికీ తగలకుండా, నడుచుకుంటూ వచ్చింది. అది వెనకబడడం కాదు. నాలాంటిదానికే తెలిసిపోయింది.

అక్క హెడ్‌ఫోన్లు మెల్లగా తీసింది. తర్వాత, "ఇది వెనకెయ్యవే," అంది.

మా అమ్మ మాట అది. మంచి గుడ్డముక్క కనిపించినా, గట్టి సీసా దొరికినా, దాచి ఉంచమనడానికి "వెనకెయ్యి" అంటుంది. అక్క పెళ్లయి వచ్చి ఆరేళ్లయినా ఆ మాట పోలేదు. నేను గడిలో 'వెనక' అని రాశాను. అంతకన్నా పట్టలేదు. ఉంచాల్సినదానికి 'సరి' అని రాయాలని నాకు తెలుసు. కానీ 'సరి' అనేది బావ చెప్పే మాట. పాడినవాళ్లు ఏమంటే అది రాయడం నా పని అనుకున్నాను.

ఆదివారం నుంచి శుక్రవారం దాకా రోజూ పొద్దున్నే పాడింది. సాయంత్రాలు గొంతు నొప్పి అని బావ ముందు పాడలేదు. పగిలినవి, దగ్గు వచ్చినవి, కుక్కవి, అమ్మవి పోగా తొమ్మిది వెనకేసింది. ఏడు పాటలకీ సరిపోయాయి. చివరిది పాడాక ముక్కాలిపీట మీద నా పక్కనే ఇరుక్కుని కూర్చుంది. చెమటతో ఒళ్లంతా వేడిగా ఉంది.

"రేపు డాక్టరు దగ్గరికెళ్లి వచ్చాక అందరినీ కూర్చోబెట్టి వినిపిస్తా. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు." నన్ను చూసి నవ్వింది. "నీకు చెప్పక్కర్లేదులే."

ఆ శుక్రవారమే మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ అన్నాడు, "నలభై రోజుల్లో ఇరవై ఆరు అయిపోయాయి. పాడేవాళ్లు పాడితే బాగుండును."

అక్క తల వంచుకుని అన్నం కలుపుకుంది. రేపటిదాకా దాచుకోవాలిగా. మాట మార్చడానికే అనుకుంటాను, ఉరుము అన్న, "మన మాటలమ్మ రోజూ మెట్ల మీద కూర్చుని ఏదో రాస్తోంది. మన గురించేనా?" అన్నాడు.

"ఉండు, ఇప్పుడే చూద్దాం," అని లేచి వెళ్లి, నా సంచిలోంచి డైరీ తీసుకొచ్చింది అక్క. నేను నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"'ఉరుము అన్న తింటుంటే ఊపిరి వినిపిస్తుంది.'"

బావ పగలబడి నవ్వాడు. ఉరుము అన్న కూడా. "ఊపిరి ఉంటేనేగా తినేది!"

"'అత్తయ్యగారు మిషనుతో మాట్లాడతారు. ఈ ఇంట్లో ఆవిడ మాట వినేది అదొక్కటే.'"

"పిల్ల నిజమే రాసింది," అన్నారు అత్తయ్యగారు.

"'నాకు ఇక్కడ నచ్చినవి మేడమెట్లు. వాటి మీద నన్ను ఎవరూ ఏమీ అడగరు.' ఓహో. 'బావ ఎదురుగా ఉంటే అక్క గొంతు భయపడుతుంది. ఆయన లేనప్పుడు...'"

అక్కడ ఆపేసింది.

"చదువు," అన్నాడు బావ.

"అంతే ఉంది."

"భయపడుతుందా? నేనేం చేశాను, కొరికానా? ఊళ్లోంచి నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి కూడా చెప్పుకున్నావన్నమాట, నా వల్లే నీకు పాట రావట్లేదని."

"నేనేం చెప్పలేదు."

"మరి ఆ పిల్లకెలా తెలిసింది?"

అక్క మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగింది. "నిన్ను పిలిచింది కాగితం మీద అంకెలు వెయ్యడానికి. మా కాపురం రాయడానికి కాదు. మాట్లాడవేం? రాయడం బాగానే వచ్చుగా? చాటుగా చూసి చాటుగా రాసే బుద్ధి ఎక్కడ నేర్చావే? ఆదివారం బస్సెక్కిస్తాను నిన్ను."

డైరీ విసిరింది. అది జగ్గుకి తగిలి నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. ఉరుము అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆపుకోలేక. నేను వంగి నేల తుడిచాను. తుడిచిన చోటే రెండోసారి తుడిచాను.

శనివారం బావ దుకాణం ఒంటిపూటే. అక్క డాక్టరు దగ్గరికి బయలుదేరి వెళ్లాక వచ్చాడు. టీ కప్పుతో పైకి వెళుతూ పిలిచాడు.

"మరదలా, కాగితం తెచ్చుకో. నువ్వు చదువు, నేను చెరుపుతాను. ఇద్దరుంటే తొందరగా తెములుతుంది."

కూర్చున్నాను.

"నూట ఇరవై ఎనిమిది," అన్నాను.

"మాట?"

"కుక్క."

నొక్కాడు.

"నూట ఇరవై తొమ్మిది. పగిలింది."

నొక్కాడు.

"నూట ముప్పై. అమ్మ."

"మా అమ్మని మాత్రం ఎన్నిసార్లు చెరిపినా పోదు," అని తనే నవ్వుకుని నొక్కాడు.

"నూట ముప్పై ఒకటి."

"మాట?"

కాగితం మీద నా చేతిరాత గుండ్రంగా, బావుంది. కింద గదిలో మిషను ఆగింది. అత్తయ్యగారు దారం తెంపుకుంటున్నట్టున్నారు.

"వెనక," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. "ఇది పొద్దుటి పూటది. నేను లేనప్పుడు పాడింది. వినాలంటావా?"

నేను ఏమీ అనలేదు.

"నిన్నడిగానూ," అని నొక్కాడు.

ఆ మాట తొమ్మిదిసార్లు చదివాను. బడిలో పాఠం చదివినట్టు, తడబడకుండా. చివరికి బావ ఒళ్లు విరుచుకుని, "బాగా చదువుతావే. నోరు లేదనుకున్నాను," అన్నాడు.

అక్క అయిదింటికి వచ్చింది. డాక్టరు ఆపరేషను ముందుకి జరిపాడు. గురువారమే. అప్పటిదాకా పాట సంగతి అటుంచి, గట్టిగా మాట్లాడడం కూడా వద్దన్నాడు. ఆ సంగతి గుసగుసగా చెబుతూ నవ్వుతోంది అక్క. చెప్పులు కూడా విడవకుండా మెట్లెక్కింది.

"పర్వాలేదు. నా పని అయిపోయింది. అందరూ రండి. అత్తయ్యా, మీరు కూడా. నూట ముప్పై ఒకటి పెట్టు."

"ఏం నూట ముప్పై ఒకటి?" అన్నాడు బావ. తెర మీద అంకెలు చూశాడు. "అది లేదు. మధ్యాహ్నం చెరిపాను."

"సరిగ్గా చూడు."

"నీ చెల్లెలు చదివింది, నేను చెరిపాను. 'వెనక' అని ఉంది. కావాలంటే చూసుకో."

అక్క కాగితం తీసుకుంది. వేలితో ఒక్కొక్క గడీ తడుముతూ కిందికి వచ్చింది. తొమ్మిదింటినీ తడిమింది.

"వెనకెయ్యమన్నాను," అంది. "దాచి ఉంచమన్నాను."

ఉరుము అన్న మెడలోంచి గిటారు తీసి గోడకి ఆనించాడు. బావకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కుర్చీ తోసి లేచాడు.

"మొదటి రోజు చెప్పానా లేదా? ఉంచాల్సినదానికి 'సరి' అని రాయమన్నానా లేదా? ఒక్క మాట! రెండక్షరాలు! అది కూడా రాయలేని మొద్దుని ఎందుకు తెచ్చి కూర్చోబెట్టారు ఇక్కడ?"

"దాన్నేం అనకు," అంది అక్క. గుసగుసగానే. "నేను చెప్పిన మాటే రాసింది. మా ఇంట్లో అలాగే అంటాం. దానికేం తెలుసు?"

"ఓహో, ఇప్పుడు వెనకేసుకొస్తున్నావా? నిన్న మొహాన పుస్తకం కొట్టావు!"

"నిన్న తప్పు నాది."

అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ ఇంటికి వచ్చాక నా మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి. ఆ చెయ్యి దించితే బాగుండునని నిలబడ్డాను.

అత్తయ్యగారు గుమ్మంలోంచే, "పోనీలే అమ్మా, చిన్నపిల్ల. సిగ్గు. అడగడానికి కూడా సిగ్గుపడి ఉంటుంది," అన్నారు.

"పాడతాను," అంది అక్క. "ఇప్పుడే. ఒక్కటైనా."

"డాక్టరు ఏమన్నాడో ఇప్పుడేగా చెప్పావు," అన్నాడు బావ. అంతసేపటి అరుపూ దిగిపోయింది. "వద్దు. నిజంగా వద్దు. ఉన్నది కూడా పోతుంది."

"గురువారం పోయేదాన్ని శనివారం వాడుకుంటాను. దిగండి కిందికి. నువ్వుంటే నాకు రాదు. అది రాసింది నిజమే."

బావ ఆమెను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఉరుము అన్న భుజం తట్టి మెట్లు దిగాడు. అత్తయ్యగారు కూడా గోడ పట్టుకుని దిగారు.

అక్క కొట్టులోకి వెళ్లి హెడ్‌ఫోన్లు తీసుకుంది. "బాస్ ఒక్కటే పెట్టు. పెట్టి ఇలా రా. పీట లాక్కో, కాగితం తెచ్చుకో. ఈసారి 'సరి' అని రాయి, మహాతల్లీ," అని నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

నేను మీటలు నొక్కాను. అట్ట తీసుకున్నాను. గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాను.

"అక్కా."

"ఊఁ."

"మధ్యాహ్నం చదివేటప్పుడు నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"బావ దాన్ని వెనకబడడం అనుకుంటాడని."

అక్క హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుంది. "ఎన్నోదాని దగ్గర తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి వీలుగానే అడిగింది. చివరిదని చెప్పొచ్చు. ఎనిమిదోదని చెప్పొచ్చు.

"మొదటిదానికే," అన్నాను.

అక్క నన్ను చూసింది. కోపంగా కాదు. వీధిలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే, ఎవరా అని చూసినట్టు చూసింది. తర్వాత నా చేతిలోంచి అట్ట తీసుకుంది. పెన్సిలు కూడా తీసుకుంది. గుమ్మానికి అడ్డంగా ఉన్న పీటని కాలితో నా వైపు జరిపింది.

విసురుగా వెయ్యలేదు. రెండు చేతులతో తలుపు నెట్టి, అంచు అంచుకి కలిసేదాకా నొక్కి, లోపలినుంచి గడియ పెట్టుకుంది.